టికెట్ లేని రైలుకి డబ్బెవరిస్తారు?

మన గరివిడి స్టేషన్‌లో ఓ గంట నిలబడితే హౌరా–చెన్నై లైన్ మీద ఎన్ని బండ్లు పోతాయో చూస్తారు. ఎక్స్‌ప్రెస్‌లు, ప్యాసింజర్లు, గూడ్సులు. ఇవన్నీ రైల్వేకి డబ్బు తెచ్చేవే.

కానీ టికెట్ అమ్మని బండ్లు కూడా ఉన్నాయి. యాక్సిడెంట్ అయితే క్రేన్‌తో, డాక్టర్లతో పరిగెత్తే రిలీఫ్ రైలు. పైన కరెంటు తీగ తెగితే వెళ్లి బాగుచేసే టవర్ కారు. తీగ తెగిన చోటికి కరెంటు ఇంజిన్ పోలేదు కదా, అందుకే ఇలాంటి పనికి డీజిల్ కావాలి. ఇప్పుడు యూరప్‌లో తీగ ఉన్నంత దూరం కరెంటుతో, లేనిచోట సొంత శక్తితో నడిచే హైబ్రిడ్ బండ్లు వస్తున్నాయి.

బాగానే ఉంది. మరి పైసా సంపాదించని బండికి డబ్బెవరు పెట్టాలి? రైల్వేలో భద్రత కోసం చేసే ప్రతి ఖర్చుకీ ఇదే ప్రశ్న. దీనికి పెద్ద చరిత్రే ఉంది.

1998లో జస్టిస్ ఖన్నా కమిటీ వేశారు. పాతబడిన పట్టాలు, బ్రిడ్జిలు, సిగ్నళ్లు మార్చడానికి ప్రత్యేకంగా డబ్బు ఇవ్వాలని ఆ కమిటీ చెప్పింది. 2001లో 17,000 కోట్ల భద్రతా నిధి పెట్టారు. అందులో 5,000 కోట్లు టికెట్ మీద సర్‌చార్జీ వేసి తీసుకోవాలనుకున్నారు. అంటే మన అమ్మానాన్నలు కట్టిన డబ్బన్నమాట.

తర్వాత 2017. జనవరి 21 రాత్రి, అప్పట్లో మన జిల్లాలోనే ఉన్న కూనేరు దగ్గర హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పింది. దాదాపు 40 మంది పోయారు. దానికి రెండు నెలల ముందే కాన్పూర్ దగ్గర ఇంకా పెద్ద ప్రమాదం జరిగింది. ఫిబ్రవరి 1 బడ్జెట్‌లో రాష్ట్రీయ రైల్ సంరక్షా కోశ్ అని ఐదేళ్లకి లక్ష కోట్లు ప్రకటించారు. ఏటా 15,000 కోట్లు కేంద్రం, 5,000 కోట్లు రైల్వే తన సంపాదనలోంచి ఇవ్వాలి.

ఇచ్చారా? 2022లో కాగ్ రిపోర్టు లెక్క తేల్చింది. నాలుగేళ్లలో రైల్వే వేయాల్సిన 20,000 కోట్లలో 15,775 కోట్లు వేయనే లేదు!

2023 అక్టోబర్ 29. కంటకాపల్లి దగ్గర పలాస ప్యాసింజర్‌ని వెనక నుంచి రాయగడ ప్యాసింజర్ గుద్దేసింది. 14 మంది చనిపోయారు. ఆ పలాస బండి గరివిడి మీదుగానే రావాలి. బండ్లు గుద్దుకోకుండా ఆపే కవచ్ ఆ లైన్‌లో అప్పటికి లేదు. ఆ లోటు వల్లే ప్రమాదం జరిగిందని నేననట్లేదు. కానీ భద్రత డబ్బు కాగితం మీద ఉంటే సరిపోదని మాత్రం అంటాను.

కొత్త ఎక్స్‌ప్రెస్‌కి జెండా ఊపితే ఫొటో వస్తుంది. రిలీఫ్ రైలుకి ఎవరూ ఊపరు. అందుకే ఈసారి బడ్జెట్ వచ్చినప్పుడు రెండు అంకెలు చూడండి. ఎంత ప్రకటించారు, పోయినేడాది చెప్పిందాంట్లో నిజంగా ఎంత ఇచ్చారు. మనం ఎక్కే బండి ఆ రెండో అంకె మీదే నడుస్తుంది.