రీలులో బొగ్గు

ఫోటో దిగడం ఒక పని, రీలు కడిగించడం ఇంకో పని. గోదావరిఖని క్వార్టర్లలో ఈ రెంటికీ మధ్య నెలలు గడిచేవి. 36 ఫోటోలు నిండితే గానీ రీలు బయటికి తీసేవాళ్లు కాదు. దసరాకు మొదలైన రీలు ఎవరిదో పెళ్లికి పూర్తయ్యేది.

మొన్న మా బీరువాలో నాన్న సర్వీసు కాగితాల పక్కన ఒక వాడని కోనికా రీలు దొరికింది. డబ్బా మీద గడువు 2007. ఆ కంపెనీ ఫిల్ము, కెమెరాల వ్యాపారం మానుకుంటున్నామని 2006 జనవరిలోనే ప్రకటించింది.

రంగు నెగెటివ్‌ను మామూలు కెమెరాల్లోకి తెచ్చింది 1942 నాటి కొడాకలర్. నెగెటివ్ నారింజ రంగులో ఉండటం ఆ తర్వాత వచ్చిన తెలివి: ఫిల్ములోని రంగులు అంత శుద్ధమైనవి కావు, ఆ లోపాన్ని సరిదిద్దడానికే ఆ నారింజ. 1972లో రంగు నెగెటివ్‌ను కడిగే సీ-41 పద్ధతి వచ్చింది. డెవలపర్ 37.8 డిగ్రీల్లో ఉండాలి, 3 నిమిషాల 15 సెకన్లు. క్రమంగా అన్ని కంపెనీలూ ఆ దారికే వచ్చాయి కాబట్టి, తయారీ ఆగిపోయిన రీలునూ ఈరోజు కడగొచ్చు. స్లైడ్ ఫిల్ము కొడాక్రోమ్‌కు ఆ అదృష్టం లేదు. దాన్ని కడిగే చివరి ల్యాబు 2010 డిసెంబరులో రీళ్లు తీసుకోవడం ఆపేసింది. సీ-41 వేడి సంగతికొస్తే, రామగుండం మే నెలలో డాబా మీది ట్యాంకు నీళ్లే 37.8 దాటుతాయి, ఇక్కడ మందును వేడి చేయడం కాదు, చల్లార్చుకోవాలి.

పాత రీలుకు పదేళ్లకో స్టాపు ఎక్కువ, అంటే రెట్టింపు, వెలుతురు ఇవ్వాలని ఒక నాటు లెక్క ఉంది. 100 స్పీడు రీలును 25గా పెట్టి, రోడ్డు పక్కన ఆగిన బొగ్గు లారీని తీశాను. ఇంట్లోనే కడిగి, తడి నెగెటివ్‌ను కిటికీకి పట్టి చూస్తే డ్రైవరు పళ్లు నల్లగా ఉన్నాయి. బొగ్గు ఉండాల్సిన చోట మాత్రం దాదాపు ఏమీ లేదు, ఉత్త నారింజ పొర. నలుపు నుంచి వెలుతురు రాదు, నెగెటివ్‌లో అక్కడ రంగు చేరదు. బీరువాలో ఇన్ని ఎండాకాలాలు గడిపిన ఫిల్ముకు మసక పడుతుంది. ఆ మసక ముందుగా కమ్మేది ఈ ఖాళీ చోటునే.

స్కాన్ చేస్తే లారీ నిండా ఆకుపచ్చ కలిసిన బూడిద రంగు, ఇసుకంత గ్రెయిన్. ముప్పై ఏళ్లు బాయిలో దిగిన నాన్న ఫోన్ దగ్గరికి పెట్టుకుని చూశాడు.

“బొగ్గేది బిడ్డా? ఇది ఎన్టీపీసీ బూడిద లెక్కుంది.”