అత్తెసరు

పరీక్షలో 35 మార్కులతో గట్టెక్కిన బాలుని గూర్చి "అత్తెసరు మార్కులతో బయటపడినాడు" అని మనవారందురు. ఆ మాట పాఠశాలలో పుట్టినది కాదు, వంటయింటి పొయ్యికడ పుట్టినది. బియ్యము ఉడుకుటకు ఎంత నీరు పట్టునో అంత మాత్రమే కొలిచి పోసి, గంజి వార్చు పని లేకుండ, పోసిన నీరంతయు మెతుకులోనే ఇగిరి అన్నము ఉమ్మగిలునట్లు వండుటకు అత్తెసరు పెట్టుట అని పేరు. పదిమంది తిను ఇంట పెద్ద గిన్నెతో ఎసరు తెరలబెట్టి, కడిగిన బియ్యము పోసి, పలుకు పోయినదని తెలిసిన పిదప గంజి వార్చుట పరిపాటి. ఆ గంజి పాలేరునకో, పశువునకో, పంచెలకు పెట్టుటకో వినియోగపడును. ఊరుగాని ఊరిలో, అద్దెగదిలో, ఒక్క కడుపు కొరకు వండుకొనువానికి పాలేరు లేడు, పశువు లేదు. నూతిలో నీరు తోడుకొనువాడును, కట్టెలకు వెల యిచ్చువాడును తానే యగుటచేత, వాని గిన్నెలోనికి పోయిన ప్రతి గిద్దెడు నీరును ఖర్చుగానే లెక్కకు వచ్చెడిది. ఈ మాట గిన్నెనుండి మార్కుల పట్టికలోనికి ఎక్కినది అట్టి విద్యార్థుల గదులలోనే యని నా ఊహ. రాజుల కోటల చరిత్ర వ్రాసికొన్న మనము ఆ గదుల చరిత్రనుగూడ వ్రాసికొనదగును.

మన పూర్వులు ఒంటరి మనిషి వంటను సంసారముగా లెక్కింపలేదు గాని, దానికొక పేరు మాత్రము పెట్టిరి. "స్వయంపాకము" అను పదమునకు రెండర్థములు వాడుకలో నున్నవి. తన వంట తాను చేసికొనుట ఒకటి. ఇతరులు వండినది ముట్టని ఆచారవంతునకు గృహస్థు ఇచ్చు పచ్చి సంభారము రెండవది: బియ్యము, పెసరపప్పు, ఒకటి రెండు కూరగాయలు, చింతపండు, ఉప్పు, మిరపకాయలు, కొంచెము నేయి. అమావాస్యలందును పితృదినములందును ఈ దానము నేటికిని జరుగుచున్నది. శాసనమును చదువునంత శ్రద్ధతో ఈ మూటను విప్పి చూడవలెనని నాకు తోచును. ఒక్క మనిషి ఒక్క పూట గడుపుటకు ఏమేమి అవసరమని ఈ సమాజము తలపోసెనో, ఆ పట్టిక యంతయు అందున్నది. కొలువులలో బత్తెము అనునదియు ఇట్టిదే. జీతము వేరు, దినదినము తిండికై యిచ్చు బత్తెము వేరు. జీతబత్తెములను జంటపదము ఆ పాత యేర్పాటును ఇప్పటికిని మోయుచున్నది.

చేత డబ్బున్నవానికి పూటకూళ్లిల్లు ఉండెను. 'క్రీడాభిరామము'లో ఓరుగంటి వీధులలో తిరుగు మిత్రులకు ఒక రూకకు దొరకు భోజనమున కర్పూరభోగి బియ్యపుటన్నము, గోధుమపిండివంట, పంచదార, క్రొత్తగా కాచిన ఆవునేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, పెరుగు ఉన్నవి. ఆ పట్టిక చదివినప్పుడెల్ల నా మనస్సు వేరొక వైపునకు పోవును: ఆ రూక లేనివాడు ఆ రాత్రి ఏమి తినెను? వానిని కవి చూపలేదు. పూటకూళ్లు పెట్టినవారు మాత్రము మన కాలమునకు కొంత దగ్గరగా కనబడుదురు. 1892లో ప్రథమముగా ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడిన 'కన్యాశుల్కము'లో పూటకూళ్లమ్మను మనము వృత్తి పేరుతోనే ఎరుగుదుము. టంగుటూరి ప్రకాశము పంతులుగారి బాల్యమున తండ్రి మరణింపగా, తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్లిల్లు నడిపి బిడ్డలను పెంచిరి. ఆంధ్ర రాష్ట్రమునకు ప్రథమ ముఖ్యమంత్రియైన మహాపురుషుని చదువు, ఊరుగానివారికి వండి వడ్డించిన ఒక తల్లి పొయ్యిమీద నిలిచినది.

ఒంటరి వంట యనగానే మనకు విద్యార్థియే మనసున మెదలును. నిజమునకు వానికంటె చాల ముందుగా, చాల ఎక్కువ సంఖ్యలో, ఒంటరిగా వండుకొన్నవారు వితంతువులు. మగని వాటా బావలకో మరుదులకో చెందగా, కోర్టువారు విధించిన మనోవర్తితోనో, ఇంటివారు ఏటేట కొలిచిన గింజలతోనో, పెరటి వసారాలో వేరుగా పొయ్యి వేసికొని, మడి గట్టుకొని, ఒంటిపూట భోజనముతో ఏండ్లకేండ్లు గడపిన వారి గృహనిర్వాహకత్వమునకు సాటి లేదు. కుంచము బియ్యము ఎన్ని దినములు వచ్చునో, పప్పులో ఎంత చింతపండు పడినచో మరునాటికి చారు పెట్టుకొనవచ్చునో, చల్లారిన పొయ్యిలోని బొగ్గును నీళ్లు చల్లి ఎట్లు దాచుకొనవలెనో వారికి తెలిసినంత తేటగా ఏ అర్థశాస్త్రజ్ఞునకును తెలియదు. అది వారు కోరుకొన్న పొదుపు కాదు, వారిపై మోపబడిన పొదుపు. దానిని గుణముగా మెచ్చుకొని యూరకుండుట నాకు న్యాయముగా తోచదు. 1937 నాటి చట్టము హిందూ వితంతువునకు భర్త ఆస్తిలో కుమారునితో సమభాగమును, అదియును జీవితకాలపు హక్కుగా మాత్రమే యొసగెను; సంపూర్ణమైన హక్కు 1956 నాటి వారసత్వ చట్టముతో గాని రాలేదు. అప్పటికి ఎన్ని వసారాలలో ఎన్ని పొయ్యిలు చల్లారినవో!

విద్యార్థుల కథ ఇంగ్లీషు చదువులతో మొదలగును. మచిలీపట్టణమున 1843లో నోబిల్ పాఠశాలయు, రాజమహేంద్రవరమున 1853లో ప్రభుత్వ పాఠశాలయు, కాకినాడలో 1884లో పిఠాపురము రాజావారి కళాశాలయు వెలసినవి. చదువు ఊరు దాటినది. దూరపు పల్లెలనుండి వచ్చిన పేద బ్రాహ్మణ బాలురకు వారములు అండగా నిలిచినవి. ఆదివారము ఒక యింట, సోమవారము మరియొక యింట, ఇట్లు ఏడు ఇండ్లు కుదుర్చుకొన్నవానికి వారము నిండును. ఐదే కుదిరినవానికి రెండు దినములు ఖాళీ. ఆ ఖాళీ దినములలోనే వాడు అత్తెసరు నేర్చుకొనెను. అయితే వారములు ఇచ్చు గడప అందరికిని తెరచియుండలేదు. ఇతర కులముల బాలురకు ఏడు దినములును ఖాళీయే. వారు తొలినాటినుండి గది కుదుర్చుకొని వండుకొనవలసినవారే, లేదా చదువు మానవలసినవారే. హైదరాబాదులో 1918లో వెలసిన రెడ్డి వసతిగృహము వంటివి ఆ కొరతను కొంత తీర్చినవి. 1880లో తపాలావారి మనియార్డరు వచ్చిన పిదప, తండ్రి పంపు నాలుగైదు రూపాయలు నెలకొకమారు చేతికందుట సుకరమైనది గనుక, గది పద్ధతి బలపడినది. ఊరినుండి బియ్యపు మూటయు, ఊరగాయ జాడీయు గోదావరి కాలువలపై పడవలలో వచ్చెడివి. 1900 నాటికి గోదావరిపై వంతెన పూర్తియైన మీదట రైలులోను వచ్చుచుండెను.

ఆ గదిలో ఖర్చులన్నిటికిని మూలము కట్టె. బియ్యము ఇంటినుండి వచ్చును, ఉప్పు చౌక, కూర లేకపోయినను పూట గడచును. నిప్పు లేనిదే గడవదు. సముద్రతీరపు తోటలనుండి వచ్చు సరుగుడు కట్టెలు మణుగుల లెక్కన కొనవలెను, అవి తడిసినవైనచో గదియంతయు పొగ, కన్నుల నీరు, ఇంటివారి చీవాట్లు. కుంపటికి బొగ్గులు కావలెను. ఈ ఇక్కట్టులోనుండి పుట్టినదే పొట్టుపొయ్యి. కలప అడితులలో రంపపు పొట్టు దాదాపు ఊరకే దొరకును. ఒక రేకు డబ్బాకు అడుగున ప్రక్కగా రంధ్రము చేసి, అందులో అడ్డముగా ఒక కర్రయు, డబ్బా నడుమ నిలువుగా మరియొక కర్రయు నిలిపి, చుట్టును పొట్టు దట్టముగా కూరి, కర్రలను మెల్లగా లాగివేసినచో లోపల గొట్టమువంటి బిలము ఏర్పడును. క్రింది రంధ్రమున సన్నని పుల్ల వెలిగించిన చాలు, పొట్టు లోనుండి అంటుకొని గంటలకొలది పొగలేక మండును. దానిని నడుమ ఆర్పుటకు వీలు లేదు. కావున అన్నము దింపి పప్పు, పప్పు దింపి చారు, చారు దింపి స్నానమునకు నీళ్లు, ఇట్లు వరుసగా ఎక్కించి ఆ వేడిమిని చివరిదాక వాడుకొనెడివారు. ఏ కళాశాలలోను చెప్పని ఇంధనశాస్త్రమును ఆ రేకు డబ్బా నేర్పినది.

వంటకములు ఈ నిప్పు లెక్కకు లొంగియే రూపు దిద్దుకొన్నవి. అన్నము ఉడుకుచుండగా అందులోనే ఒక బంగాళాదుంప. దించిన పిదప మిగిలిన నిప్పులలో ఒక వంకాయ. కాలిన వంకాయను ఉప్పు, పచ్చిమిర్చి, చింతపండుతో నలిపిన పచ్చడియగును. పచ్చిపులుసునకు పొయ్యియే అక్కరలేదు. బియ్యమును పెసరపప్పును ఒకే గిన్నెలో పోసిన పులగము, పండుగనాటి నైవేద్యమే యైనను, ఒంటివానికి ఆదివారపు విందు. రాత్రి మిగిలినదానిలో నీళ్లు పోసి యుంచినచో ఉదయము చద్ది. దానితో ఉదయపు నిప్పు మిగులును. వీటన్నిటికిని వెనుక ఒక జాడీయు, రెండు మూడు డబ్బాలును ఉండెడివి: ఆవకాయ, కందిపొడి, నువ్వులపొడి. ఈ పొడులను సరిగా చూడనిచో ఈ చరిత్ర అర్థము కాదు. గదిలో వేయించుటకు నూనె లేదు, నూరుటకు రోలు లేదు, తీరిక లేదు. ఆ వేయించుటయు, దంచుటయు వేసవి సెలవులకు ఇంటికి పోయినప్పుడు తల్లియు, మేనత్తయు ముందుగనే చేసి డబ్బాలలో కూరి పంపినవి. స్వయంపాకమని మనము పిలిచినది సగము మాత్రమే స్వయముగా చేసినది. ఆరు నెలల వంటను ఇంటి ఆడవారు ముందే వండియుంచిరి. గదిలోని బాలుడు అన్నము మాత్రము ఉడికించుకొనెను. పెద్దవారైన పిదప తమ కష్టములు తలచుకొని వ్రాయు మగవారు ఆ చేతులకును తగినంత చోటీయవలెనని నా కోరిక.

అత్తెసరు పేదవానికి తెలియకయే చేసిన మేలొకటి కలదు. కృష్ణా గోదావరి మండలములలో బియ్యపు మరలు వ్యాపించి, తెల్లగా తొక్కిన పచ్చిబియ్యము వాడుక హెచ్చిన పిదప ఉత్తర సర్కారు తీరమున బెరిబెరి వ్యాధి కనబడుచుండెను. ఉప్పుడుబియ్యము తిను దక్షిణ జిల్లాలలో అది అంతగా లేదు. 1930 దశకమున కూనూరులోని పోషకాహార పరిశోధనాలయమున అయిక్రాయిడ్ మొదలగువారు ఈ సంగతిని శోధించిరి. బియ్యపు పైపొరలోని బి1 విటమిను కొంత మరలో తవుడుతో పోవును, మిగిలినదానిలో కొంత కడుగుటలోను, మరికొంత గంజి వార్చుటలోను పోవును. పెద్దయింటి వార్పు అన్నముకంటె గదిలోని అత్తెసరు మెతుకున సారము ఎక్కువగా నిలిచెను. కట్టె మిగుల్చుకొనుటకై చేసిన పని కాళ్ల సత్తువనుగూడ కొంత మిగిల్చినది.

ఇరువదవ శతాబ్ది ఆరంభమున ఒంటరివాని కొరకే ఒక యంత్రము పుట్టెను. కలకత్తాలో ఇందుమాధవ మల్లిక్ అను వైద్యుడు 1910లో ఇక్మిక్ కుక్కరును నిర్మించెను. అదే తీరున మన యిండ్లలోనికి వచ్చినది రుక్మిణీ కుక్కరు. ఒకదానిపైనొకటిగా అమరు ఇత్తడి గిన్నెలు, వాటి క్రింద బొగ్గుల పళ్లెరము. పప్పు, బియ్యము, కూర వేరువేరు గిన్నెలలో సర్ది, గుప్పెడు బొగ్గులు రాజవేసి మూతపెట్టినచో, గుమాస్తా స్నానము, జపము, దినపత్రిక ముగించునప్పటికి మూడును ఆవిరిమీద ఉడికియుండును. గిన్నెలో కొలిచిన నీరే గాని గంజి లేదు, అదియు అత్తెసరే. పంపుస్టవ్వు వచ్చి తొందర నేర్పినది గాని, కిరసనాయిలు వెలకు ఎప్పుడును లోబడియే యుండెను.

యుద్ధము ఈ చిన్న సంసారమును పెద్ద దెబ్బ కొట్టెను. 1942లో బర్మా జపానువారి వశముకాగానే అచటి బియ్యమును, కిరసనాయిలును ఒక్కమారుగా నిలిచిపోయెను. రేషను వచ్చినది. కుటుంబమునకు ఒక కార్డు, పది నోళ్లు. వాటిలో ఒక నోరు తగ్గి తిన్నను మరియొకటి నిండును. ఒంటివాని కార్డులో ఆ సర్దుబాటు లేదు. పుచ్చిన బియ్యము వచ్చినను, రాళ్లు వచ్చినను వాడొక్కడే ఏరుకొనవలెను, వాడొక్కడే తక్కువ తినవలెను. దుకాణము ముందు వరుసలో నిలిచిన ఉదయము కళాశాల పాఠము తప్పవలెను. మదరాసు రాష్ట్రమున రాజాజీ 1952లో ఆహార నియంత్రణను ఎత్తివేసిన వార్త విని గదులలో ఎంతటి ఊరట కలిగెనో, ఆ వరుసలలో నిలిచినవారికి తెలియును.

తరువాతి మార్పులు వేగముగా సాగినవి. మెస్సులు, హాస్టళ్లు, ప్రెషరు కుక్కరు, గ్యాసు బండ. పొట్టుపొయ్యి డబ్బాలు తుప్పుపట్టినవి. 1955లో జపానులో తోషిబా సంస్థ విద్యుత్తుతో నడచు అన్నపు కుక్కరును అమ్మకమునకు తెచ్చెను. నేటి కుక్కర్ల గిన్నె లోపలి గోడపై వరుసగా గీతలుండును. ఎన్ని కొలతల బియ్యమునకు నీరు ఎంతవరకు పోయవలెనో అవి చూపును. నీరంతయు మెతుకు పీల్చుకొనగానే మీట తనంత తానే పైకి లేచును. టెక్సాసులోనో, న్యూజెర్సీలోనో నలుగురు కలసి అద్దెకు తీసికొన్న యింట, రాత్రి పని ముగించి వచ్చిన తెలుగు విద్యార్థి ఆ గీతవరకు నీరు పోసి, మీట నొక్కి, పెట్టెలోనుండి అమ్మ యిచ్చిన కందిపొడి సీసా తీయుచున్నాడు. అత్తెసరు అనగా వానికి మార్కులే తెలియును.