విందు ఆగవచ్చు, బాధ్యత ఆగదు



లూకా 2:42 చదివి, పండ్రెండేండ్ల యేసు యెరూషలేముకు వెళ్లినది 'బార్ మిత్స్వా' కొరకే అని మేమూ ఒకప్పుడు ప్రసంగించాము. అది పొరపాటు. ఆయన వెళ్లినది పస్కా పండుగకు. బాలుని ధర్మశాస్త్ర పఠనమునకు పిలిచే ఈ వేడుక మధ్యయుగముల చివర జర్మనీ యూదుల మధ్య రూపు దిద్దుకున్నది.

బార్ మిత్స్వా అంటే 'ఆజ్ఞకు కుమారుడు'. అబ్బాయికి హెబ్రీ క్యాలెండరు ప్రకారము పదమూడేండ్లు నిండాలి. మన అధిక మాసములాగే వారికీ 19 ఏండ్లలో 7 సార్లు అదనపు నెల వస్తుంది. ఆ ఏడు, ఎస్తేరు గ్రంథములో మనము చదివే అదారు మాసము రెండుసార్లు వస్తుంది. మామూలు ఏటి అదారులో పుట్టినవానికి అలాంటి ఏట పదమూడు నిండితే, రెండవ అదారునే లెక్కిస్తారు.

వేడుక తేదీని కుటుంబము ఎంచుకుంటుంది. సాధారణంగా సమాజమందిరములో ధర్మశాస్త్రము చదివే రోజు చూస్తారు: విశ్రాంతిదినము, లేదా సోమ, గురువారములు. ఆ వారానికి నియమించిన భాగమే చదువుతారు, నచ్చినది కాదు. బంధువుల కొరకు వేడుకను వెనక్కి జరపవచ్చు. అయితే పదమూడు నిండిన దినమునుండే ఆజ్ఞల భారము వాని మీద ఉంటుంది. విందు లేకపోయినా వాడు బాధ్యుడే.

తల్లిదండ్రులారా, "గల్ఫ్‌లో ఉన్న మేనమామకు సెలవు దొరకాలి పాస్టరుగారూ" అని బాప్తిస్మము తేదీ జరపమంటారు. జరుపుతాము. కాని మీ బిడ్డ దేవునికి లెక్క చెప్పవలసిన దినము ఎవరి సెలవు కొరకూ ఆగదు. ఈ రాత్రే పక్కన కూర్చోబెట్టుకొని వాక్యము చదివించండి. ఆమెన్.