విమానం చేసింది సైకిల్ షాపు వాళ్ళు

మచిలీపట్నం, గుడివాడ, అవనిగడ్డ హాస్టళ్ళలో ఉండే మన యానాది, ఎరుకల, లంబాడీ పిల్లల్ని 'విమానం ఎవరు కనిపెట్టారు' అని అడిగితే 'రైట్ సోదరులు, 1903' అని టక్కున చెప్పేస్తారు. బిట్టుకి అది చాలు. కానీ ఐటీఐలో, పాలిటెక్నిక్‌లో చేరి 'మాది పెద్ద చదువేం కాదులే అన్నా' అనే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు దాని వెనక కథ కూడా చదవాలి.

విల్బర్, ఆర్విల్ అమెరికాలో డేటన్ అనే ఊళ్ళో సైకిళ్ళు చేసి, అమ్మి, బాగుచేసి బతికారు. ఇద్దరికీ హైస్కూల్ సర్టిఫికెట్ కూడా చేతికి రాలేదు. తోబుట్టువుల్లో డిగ్రీ ఉన్నది చెల్లెలు కాథరిన్‌కి ఒక్కదానికే.

అప్పటికే ఇంజిన్లున్నాయి, రెక్కలు కట్టి ఎగిరినవాళ్ళూ ఉన్నారు. పైకి లేచాక ఒక పక్కకి ఒరిగితే సరిచేసుకోవడం ఎలాగో తెలియదు. జర్మనీలో లిలియెంటల్ 1896లో గ్లైడర్‌తో పడి చనిపోయాడు. సైకిల్ దానంతటది నిలబడదని, తొక్కేవాడే క్షణక్షణం సర్దుకోవాలని ఈ అన్నదమ్ములకి చేతులతో తెలుసు. నాగాయలంక వైపు పడవ మీద వెళ్ళినవాళ్ళు గద్ద రెక్క ఆడించకుండా గాలిలో ఒరగడం చూసే ఉంటారు. అది రెక్కల కొసలు మెలితిప్పుతుంది. వీళ్ళు దాన్నే పట్టుకున్నారు. 1899లో షాపులో ఖాళీ ట్యూబు పెట్టెని విల్బర్ మెలితిప్పి చూసి, రెక్కలనీ అలా తిప్పొచ్చని తేల్చుకున్నాడు.

గాలి బాగా వీచే చోటు కావాలి. కిట్టీ హాక్ దొరికింది. మన హంసలదీవి వైపు లాగే ఇసుక, సముద్రం, చేపలు పట్టుకునే జనం. 1900లో రెక్కల గుడ్డ కుట్టింది అక్కడి టేట్ గారింటి కుట్టుమిషన్ మీదే. వీళ్ళు వదిలేసి వెళ్ళిన గ్లైడర్ గుడ్డతో ఆవిడ కూతుళ్ళకి గౌన్లు కుట్టింది. (ఈ కథ మొత్తంలో నాకు ఇదే ఇష్టం.)

1901లో గ్లైడర్ అనుకున్నంత లేవలేదు. పుస్తకాల్లోని పట్టికల్నే అనుమానించారు! షాపులో ఆరడుగుల పెట్టె చేసి, ఫ్యాన్ గాలి పెట్టి, చిన్న చిన్న రెక్కల నమూనాలు 200 దాకా పరీక్షించారు. తగిన ఇంజిన్ ఏ కంపెనీ దగ్గరా దొరక్కపోతే, షాపు మెకానిక్ చార్లీ టేలర్ ఆరు వారాల్లో చేసిపెట్టాడు. అతని పేరు మన పాఠంలో రాదు. బందరులో 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టినవాళ్ళు పుస్తకంతో పాటు చేతిపని కూడా నేర్పాలనుకున్నారు. టేలర్ లాంటివాళ్ళు గుర్తొస్తే ఆ ఆలోచన ఎంత సరైనదో అర్థమవుతుంది.

1903 డిసెంబర్ 17న ఆర్విల్ 12 సెకన్లు ఎగిరాడు, 120 అడుగులు. నాలుగోసారి విల్బర్ 59 సెకన్లు, 852 అడుగులు. ఆ మొదటి ఎగురుడుని ఫోటో తీసిన జాన్ డేనియల్స్ ఓడ మునిగితే మనుషుల్ని కాపాడే తీరదళం వాడు. అంతకు ముందు కెమెరా ముట్టినోడు కాదు.

ఇప్పుడు అసలు సంగతి. స్మిత్సోనియన్ అనే పెద్ద సంస్థకి అధిపతి, శాస్త్రవేత్త లాంగ్లీ. అతనికి యుద్ధ శాఖ 50,000 డాలర్లు ఇచ్చింది. అతని విమానం 1903 అక్టోబర్‌లో ఒకసారి, డిసెంబర్ 8న ఒకసారి నదిలో పడింది. రైట్ సోదరులకి అయిన ఖర్చు 1,000 డాలర్ల లోపే, అదీ సొంత డబ్బు. అయినా 1914లో లాంగ్లీ విమానాన్ని చాలా మార్పులతో కాస్త ఎగిరించి, మనిషిని మోసి ఎగరగల మొదటి విమానం ఇదేనని స్మిత్సోనియన్ మ్యూజియంలో బోర్డు పెట్టింది. ఒళ్ళు మండిన ఆర్విల్ 1928లో తమ విమానాన్ని దేశం దాటించి లండన్ మ్యూజియానికి పంపేశాడు. స్మిత్సోనియన్ ఆ మాట వెనక్కి తీసుకుంది 1942లో. విల్బర్ 1912లోనే పోయాడు. ఆర్విల్ 1948 జనవరిలో పోయాడు. విమానం అమెరికా మ్యూజియంలోకి చేరింది ఆ ఏడాది డిసెంబర్‌లో.