ఢిల్లీ–శాన్ ఫ్రాన్సిస్కో విమాన మార్గం: దూరం, ప్రయాణ సమయం

ఢిల్లీలోని ఇందిరాగాంధీ అంతర్జాతీయ విమానాశ్రయాన్ని, అమెరికా పశ్చిమ తీరంలోని శాన్ ఫ్రాన్సిస్కో అంతర్జాతీయ విమానాశ్రయాన్ని కలిపే ఈ మార్గం ప్రపంచంలోని అతి సుదీర్ఘ నాన్‌స్టాప్ మార్గాల్లో ఒకటి. రెండింటి మధ్య కనిష్ఠ దూరం సుమారు 12,400 కిలోమీటర్లు, అంటే దాదాపు 6,700 నాటికల్ మైళ్లు. విమానాలు మాత్రం ఇంతకంటే ఎక్కువ దూరమే ఎగురుతాయి. ఎయిర్ ఇండియా 2015 డిసెంబరులో ఈ సర్వీసును ప్రారంభించింది. సిలికాన్ వ్యాలీలో స్థిరపడిన తెలుగువారిలో చాలామందికి ఇది పరిచయమైన దారి.

దూరం లెక్కించే పద్ధతి

భూమి గుండ్రంగా ఉండటం వల్ల అట్లాసులో స్కేలు పెట్టి గీసిన గీత దగ్గరి దారి కాదు. గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారాన్ని బిగించి పట్టుకుంటే అసలు దారి తెలుస్తుంది. దీన్నే మహావృత్త మార్గం అంటారు. ఢిల్లీ నుంచి ఇది టిబెట్, సైబీరియాల మీదుగా సాగి, 75 డిగ్రీల ఉత్తర అక్షాంశాన్ని దాటి ఆర్కిటిక్ సముద్రం మీదికి వెళ్తుంది.

దగ్గరి దారికి అడ్డంకులు

టిబెట్ పీఠభూమి సగటు ఎత్తు 4,500 మీటర్ల పైమాటే. క్యాబిన్‌లో గాలి పీడనం పడిపోతే పైలట్ విమానాన్ని వెంటనే 3,000 మీటర్ల ఎత్తుకు దించాలి. ప్రయాణికుల ఆక్సిజన్ మాస్కులు సాధారణంగా పనిచేసేది 12 నుంచి 20 నిమిషాలే. కింద అంతకంటే ఎత్తైన నేల ఉంటే దిగే వీలుండదు. అందుకే ఈ ప్రాంతాన్ని విమానయాన సంస్థలు వీలైనంతవరకు తప్పిస్తాయి. గగనతల ఆంక్షలు దీనికి తోడవుతాయి. 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ తన గగనతలాన్ని భారత విమానాలకు మూసివేయడంతో పశ్చిమం వైపు దారి మరింత చుట్టయింది.

గాలుల ప్రభావం

భూమికి 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలులు వీస్తాయి. చలికాలంలో వీటి వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటడం మామూలే. తొలుత ఎయిర్ ఇండియా అట్లాంటిక్ మీదుగా, ఈ గాలులకు ఎదురుగా, సుమారు 13,900 కిలోమీటర్లు వెళ్లేది. 2016 అక్టోబరులో బంగ్లాదేశ్, మయన్మార్, చైనా, జపాన్‌ల మీదుగా పసిఫిక్ దాటి వెళ్లింది. దూరం 15,300 కిలోమీటర్లకు పెరిగినా, ప్రయాణం దాదాపు 14.5 గంటల్లోనే ముగిసింది. అంటే నేలను బట్టి చూస్తే సగటు వేగం గంటకు 1,050 కిలోమీటర్ల పైచిలుకు. ఆ ప్రయాణం చేసిన బోయింగ్ 777 మామూలు వేగం సుమారు 900 కిలోమీటర్లే. మిగతాదంతా గాలి ఇచ్చిన ఊతం. రెండు విమానాశ్రయాల మధ్య సమయాన్ని దూరం ఒక్కటే నిర్ణయించదనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అరుదు.

టికెట్‌పై కనిపించే సమయం

టికెట్‌పై ప్రయాణ వ్యవధి గేటు నుంచి గేటు వరకు లెక్క. రన్‌వేకి వెళ్లేందుకు, దిగాక గేటు చేరేందుకు పట్టే సమయం కూడా అందులో ఉంటుంది. శాన్ ఫ్రాన్సిస్కో గడియారం చలికాలంలో భారత్ కంటే 13.5 గంటలు, వేసవి సమయం అమల్లో ఉన్నప్పుడు 12.5 గంటలు వెనక ఉంటుంది. చలికాలంలో తెల్లవారుజామున 4 గంటలకు ఢిల్లీలో బయలుదేరి 16 గంటలు ప్రయాణిస్తే, అక్కడ అదే తేదీ ఉదయం 6.30 అవుతుంది. టికెట్‌పై వేసేవి ఏ ఊరికి ఆ ఊరి స్థానిక సమయాలు. కాబట్టి తర్వాతి విమానం ఎక్కాల్సినవారు, మందులు వేళకు వేసుకోవాల్సినవారు వాటి మధ్య తేడాను కాక, విడిగా ముద్రించిన ప్రయాణ వ్యవధినే లెక్కలోకి తీసుకోవాలి.