ద్యుతీ చంద్

ఒడిశాలోని జాజ్‌పూర్ జిల్లా చాకా గోపాలపూర్ గ్రామానికి చెందిన నేతకారుల బిడ్డ. భారత మహిళా స్ప్రింటర్ (జననం 1996). శరీరంలో సహజంగా టెస్టోస్టిరాన్ ఎక్కువగా ఉందంటూ 2014లో ఆమెను పోటీలకు దూరం పెట్టారు. ఆమె క్రీడల మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి వెళ్లగా, 2015 జూలైలో ఆమెను దూరం పెట్టిన టెస్టోస్టిరాన్ నిబంధనే తాత్కాలికంగా ఆగిపోయింది. పతకాలకన్నా ఈ తీర్పే ఆమె పేరును ప్రపంచమంతా నిలిపింది.

బ్యాడ్మింటన్ కోచ్ పుల్లెల గోపీచంద్ ఆహ్వానంపై హైదరాబాద్ చేరి, నాగపురి రమేశ్ శిక్షణలో రాటుదేలింది. 2016 రియో ఒలింపిక్స్‌లో 100 మీటర్లు పరుగెత్తింది. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో 100, 200 మీటర్లలో రజతాలు, 2019 నేపుల్స్ విశ్వవిద్యాలయ క్రీడల్లో 100 మీటర్ల స్వర్ణం గెలిచింది. 2020లో అర్జున అవార్డు పొందింది. 2021లో 100 మీటర్లలో 11.17 సెకన్లతో జాతీయ రికార్డు నెలకొల్పింది. డోపింగ్ కేసులో 2023 నుంచి నాలుగేళ్ల నిషేధం పడింది.