మా పసుపు క్యాసెట్టులో పాట ఎవరిది?

ఈసారి పోస్టు పాత వీడియో గేముల పాటల గురించి. పరీక్షలు పెట్టుకుని ఇదేం పని అని తిట్టకండి, ఇది కూడా చరిత్రే. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు మా మేనమామ భద్రాచలం నుంచి ఒక టీవీ గేమ్ సెట్టు తెచ్చాడు. రెండు రిమోట్లు, ఒక పసుపు క్యాసెట్టు. అట్ట మీద 9999 గేమ్స్ అని ఉంది, లోపల చూస్తే ఓ పది గేములే మళ్ళీ మళ్ళీ వచ్చేవి. మా గుంపులో టీవీ ఉన్నవి రెండే ఇళ్లు. మీసాల మారియో దూకుతుంటే పిల్లలమంతా గడప దాకా నిండిపోయేవాళ్లం. ఆడేది ఇద్దరే, పాట మాత్రం అందరిదీ. కరెంటు పోయినా ఆ ట్యూను నోటితో తీసుకుంటూ మేకల వెనక పోయేవాళ్లం.

మొన్న హాస్టల్లో రూమ్మేట్ ఫోన్లో అదే గేమ్ ఎక్కించాడు. రాత్రి పదకొండింటికి ఆ ట్యూను మోగేసరికి పక్క రూముల వాళ్లు కూడా లేచి వచ్చారు. అప్పుడు అనిపించింది, ఇది ఎవరు కట్టారు అని. వెతికా.

మేం ఆడింది ఒక కాపీ సెట్టు. దాని అసలుది జపాన్‌లో నింటెండో కంపెనీ 1983లో తెచ్చిన ఫామికామ్. అందులో శబ్దానికి ఉన్నది ఐదు దారులే. రెండు రాగం తీస్తాయి. ఒకటి కింది స్వరం పట్టుకుంటుంది. ఒకటి వట్టి బుస్సుమనే చప్పుడు, దాన్నే ముక్కలు చేసి డప్పులాగా వాడుకునేవాళ్లు. ఐదోది చిన్న చిన్న రికార్డింగ్ ముక్కలు వేయడానికి. అంతే. మారియో దూకినప్పుడు వచ్చే శబ్దానికి కూడా వేరే చోటు లేదు, పాటలో ఒక గొంతును కాసేపు ఆపి అది మోగుతుంది. ఈసారి ఆడేటప్పుడు చెవి పెట్టి వినండి, తెలుస్తుంది.

సూపర్ మారియో బ్రదర్స్ 1985 సెప్టెంబర్ 13న వచ్చింది. గేమ్ మొత్తం, బొమ్మలు పాటలు అన్నీ కలిపి, 40 కిలోబైట్లు. మనం వాట్సాప్‌లో పంపే ఒక్క ఫోటో అంతకంటే ఎక్కువ ఉంటది. పాట కట్టింది కోజీ కోండో, అప్పటికి ఆయన వయసు 24. నాకంటే నాలుగేళ్లే పెద్ద. చోటు లేదు కాబట్టి చిన్న పాట, అయిపోగానే మళ్ళీ మొదటికి. వందసార్లు విన్నా విసుగు రాకూడదు. 2023లో అమెరికా వాళ్ల జాతీయ గ్రంథాలయం, దేశం దాచుకోవాల్సిన రికార్డింగుల్లో ఈ ట్యూనును చేర్చింది. వీడియో గేమ్ పాట ఆ లిస్టులోకి ఎక్కడం అదే మొదటిసారి.

అంతకు ముందు 1978లో వచ్చిన స్పేస్ ఇన్వేడర్స్‌లో అయితే నాలుగే నాలుగు స్వరాలు, దిగుతూ దిగుతూ తిరుగుతాయి. శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవాళ్లు జోరుగా కదులుతారు, స్వరాలూ జోరందుకుంటాయి. అసలు మిషన్‌కు గీయాల్సిన బొమ్మలు తగ్గితే పని తొందరగా అయిపోయేది, అందుకే వాటికి వేగం వచ్చింది. దాన్ని కట్టిన తోమోహిరో నిషికాడో బాగుందని అలాగే ఉంచేశాడు. నాకు మాత్రం మా పండగల్లో కొమ్ముడోలు గుర్తొచ్చింది. రాత్రి గడిచేకొద్దీ డోలు జోరు పెంచుతారు, అడుగు ఆగదు.

ఇక టెట్రిస్. ఇటుకల గేమ్ అంటే అందరికీ తెలుసు. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ కట్టాడు. మొదటి దాంట్లో బొమ్మలే లేవు, బ్రాకెట్ గుర్తులతో ఇటుకలు చూపించాడు. హక్కులు ప్రభుత్వం దగ్గరే ఉండటంతో, ప్రపంచమంతా ఆడుతున్నా 1996 దాకా ఆయనకు రాయల్టీ రాలేదు. 1989లో నింటెండో వాళ్లు గేమ్ బాయ్ మీదికి తెచ్చినప్పుడు హిరోకాజు తనాకా దానికి పాట అమర్చాడు. ఆ ట్యూను ఆయనది కాదు, రష్యా పల్లెల పాట. పేరు కొరొబెయినికి. అంటే పెట్టె మోసుకుని ఊరూరా తిరిగి గుడ్డలూ పూసలూ అమ్ముకునేవాళ్లు. 1861లో నెక్రాసోవ్ అనే కవి రాసిన కవితలోంచి పుట్టి జనం నోట పడింది. అమ్మేవాడికీ ఒక అమ్మాయికీ మధ్య బేరం ఉంటది అందులో. మన సంతలో మూటలవాళ్లు లేరా, అలాంటిదే. ఆ ఊళ్లు చూడని మనం కూడా, అది పల్లె పాట అని తెలియకుండానే, ఆ ట్యూను కూనిరాగం తీస్తున్నాం.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఫస్టియర్‌లో కల్చరల్ ప్రోగ్రాంకి మేం రేల పాట ఇస్తామని పేరిచ్చాం. ఒకాయన విని, అదే లైను తిరిగి తిరిగి వస్తుంది కదా, ఇంకేదైనా పెట్టుకోండి అన్నాడు. మాకు ఏం చెప్పాలో తెలియక సినిమా పాటకి డ్యాన్స్ చేసి వచ్చాం. ఆ రోజు తల దించుకున్నది ఇంకా గుర్తుంది. మారియో పాట కూడా తిరిగి తిరిగే వస్తుంది. దాన్ని ఎవరూ అలా అనరు. తిరిగి రావడం పాటలో లోపం కాదు, రాత్రంతా చేతులు పట్టుకుని అడుగు వేసేవాళ్లకి అలాంటి పాటే కావాలి. ఇది అప్పుడు తెలిసి ఉంటే ఆయనకు చెప్పేవాణ్ణి.

కొరొబెయినికి కాగితం మీద రాసి ఉంది కాబట్టి వందేళ్లు దాటాక కూడా తనాకా చేతికి దొరికింది. మా అవ్వ పాటలు ఎక్కడా రాసి లేవు. పోయిన దసరా సెలవుల్లో ఫోన్ పట్టుకుని ఆమె దగ్గర కూర్చున్నా. నాట్ల పాట ఒకటి, పెళ్లి పాటలు మూడు పాడింది. నాలుగోది మొదలుపెట్టి మధ్యలో ఆగి, దీనికి తోడు గొంతు కావాలిరా, మీ చిన్నవ్వ ఉండాలి అంది. చిన్నవ్వ పోయి రెండేళ్లయింది. ఆ పాట సగమే ఉంది నా ఫోన్లో.

మీ ఊళ్లో పెళ్లికూతుర్ని పంపేటప్పుడు పాడేవి తెలిసిన అవ్వలు ఎవరైనా ఉంటే కామెంట్లో చెప్పండి. సంక్రాంతి సెలవుల్లో బండి మీద వస్తాను. ఛార్జర్ నేనే తెచ్చుకుంటా.